మిద్దె మీది గదిలో కోచ్

1990 ఆగస్టు. కువైట్‌లో ఏసీ మెకానిక్‌కు ఆగస్టు అంటే చేతినిండా పని. ఊరంతా తిట్టుకునే ఎండ మాకు అన్నం పెడుతుంది. అర్దియాలో మా వర్క్‌షాపు ముందు తెల్లారకముందే కార్లు ఆగేవి. మా ఇంటికి ముందు రా అంటే మా ఇంటికి ముందు రా అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాళ్లు. ఆ నెల రెండో తారీఖున ఇరాక్ సైన్యం దిగింది. వారం తిరిగేసరికి వర్క్‌షాపుకు తాళం పడింది. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కుటుంబంతో సౌదీ దాటేశాడు. మా పాస్‌పోర్టులు ఆయన ఇనప్పెట్టెలోనే ఉండిపోయాయి. ఫర్వానియాలో మేముండే గదిలో ముడుచుకుని పడుకోవడం, లేచి రొట్టెల కోసం వరుసలో నిలబడటం, అదే మా ఉద్యోగమైంది.

నేను ఈ పనిలోకి వచ్చి నలభై ఏళ్లవుతోంది. ఎన్ని ఏసీలు విప్పి బిగించానో లెక్క లేదు. ఏ ఇంట్లో ఏది బిగించానో అడిగితే చెప్పలేను. మిష్రిఫ్‌లో ఒక విల్లా మిద్దె మీద చేసిన పని మాత్రం ప్రతి స్క్రూతో సహా గుర్తుంది.

ఆ విల్లాలో వంట చేసే ఓబులక్క మా రాయచోటి మనిషి. ఒకరోజు కూరగాయల బండెక్కి మా గదికి వచ్చింది.

"రవణా, మామా పిలుస్తాంది. ఏసీ పనుంది, సామాన్లు తీసుకో." ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు యజమానురాలిని మామా అంటారు.

"ఊరు తగలబడిపోతాంటే మీకు ఉక్కపోతొచ్చిందా అక్కా?"

"అవ్, నాకే ఉక్కపోస్తాంది. నోరు మూసుకోని రా."

మామా అరవై దాటిన కువైటీ విధవరాలు. కొడుకు బదర్ పని మీద లండన్‌లో ఉండగా యుద్ధం వచ్చిపడి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో ఆమె, ఓబులక్క మాత్రమే ఉన్నారని వీధి మొగలో కాపలా ఉన్న ఇరాకీ సైనికులకు తెలుసు. తెలియని మూడో మనిషి మిద్దె మీద స్టోర్ రూమ్‌లో ఉన్నాడు. తలుపుకు అడ్డంగా విరిగిన బీరువా ఒకటి పెట్టి, తుప్పు పట్టిన తాళం వేసి ఉంచారు. తాళం తీసేసరికి లోపల పరుపు మీద డెబ్బై ఏళ్ల ఎత్తైన అమెరికన్ కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. ఒళ్లంతా ఎర్రగా కందిపోయింది.

"బదర్‌కు అమెరికాలో ఆట నేర్పిన అయ్యోరు. సుట్టపుసూపుగా వచ్చి ఇరుక్కున్న్యాడు" అంది ఓబులక్క.

అమెరికన్లను పట్టుకుని బందీలుగా తీసుకుపోతున్న రోజులవి. దాచిన ఇంటివాళ్లకు ఉరి అని ప్రకటించారు. నాకు భయమేసింది. ఆ మాట దాచుకోను. సంచి భుజానికేసుకుని వెనక్కి తిరిగాను కూడా. మామా మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆపలేదు, బతిమాలలేదు. "అతను నా కొడుక్కి నాలుగేళ్లు తండ్రి" అని మాత్రం అరబ్బీలో అంది. సంచి కింద పెట్టాను.

చిక్కు ఏమిటంటే, ఆ గదికి ఒక విండో ఏసీ ఉంది. అది నడిస్తే నీళ్లు వీధిలోకి కారతాయి, రొద కిందికి వినిపిస్తుంది. ఖాళీ గదిలో ఏసీ ఎందుకు నడుస్తోందని ఎవడైనా తల పైకెత్తాడా, అంతే. ఆపితే ఆ గది ఇటుకల బట్టీ. అదే మిద్దె మీద నాలుగడుగుల దూరంలో ఇల్లంతటికీ చల్లగాలినిచ్చే ప్యాకేజ్ యూనిట్ ఉంది. కంప్రెసర్, ఫ్యాన్లు అన్నీ ఒకే పెట్టెలో ఉండే పెద్ద యంత్రమది. దాని రొద ఎప్పుడూ ఉండేదే కనుక ఎవరూ పట్టించుకోరు. గాలిని మోసుకుపోయే రేకు గొట్టాన్ని డక్ట్ అంటాం. ఆ డక్ట్‌కు పక్కన కన్నం కోసి, వంగే గొట్టమొకటి తగిలించి, నీళ్ల ట్యాంకు వెనక నుంచి తీసుకుపోయి గది గోడలోకి దూర్చాను. విండో ఏసీని తీసేసి ఆ ఖాళీని ఇటుకలతో పూడ్చేశాను. గొట్టం లోపలి కొసకు డాంపర్ పెట్టాను. డాంపర్ అంటే గాలికి తలుపు లాంటి రేకు. పిడి తిప్పితే గాలి వస్తుంది, వెనక్కి తిప్పితే ఆగుతుంది. చల్లగాలి మొహానికి తగలగానే ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

ఫిల్టర్ కడిగే సాకుతో అప్పుడప్పుడూ వెళ్లేవాణ్ని. ఆయన గురించి ఓబులక్క కొంత, ఆయనే కొంత చెప్పారు. ఆ ఆట పేరు ఫుట్‌బాలే కానీ బంతిని కాలితో తన్నేది తక్కువ, చంకన పెట్టుకుని ఒకళ్ల మీదొకళ్లు పడి కుమ్ముకునేది ఎక్కువ. చదువుకోవడానికి వెళ్లిన బదర్‌కు ఇసకలో బంతి తన్నిన అలవాటు ఉండటంతో, ఆ జట్టులో బంతిని తన్నడానికే పెట్టుకున్నారట. ఆట ఉన్న రోజు ఊళ్లో కొట్లన్నీ మూసేసేవారట. అందరూ కోచ్ అని పిలిచే ఈయన వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్లు టోపీలు తీసేవారట. ఆయన బతికుండగానే ఊరి మైదానానికి ఆయన పేరు పెట్టారు. రంజాన్‌లో బదర్ ఉపవాసముంటే కోచ్ కూడా పొద్దుగూకే దాకా అన్నం ముట్టకుండా వాడితో కూర్చునేవాడని చెప్పేటప్పుడు మామా కళ్లు తుడుచుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం వెళ్లి తాళం తీస్తే సెగ మొహాన కొట్టింది. యంత్రం బాగానే నడుస్తోంది. డాంపర్ మూసి ఉంది. కోచ్ దాని కిందే నేల మీద కూర్చుని చెమటలు కక్కుతున్నాడు.

"ఎవరు మూశారు?"

"నేనే. ఇది ప్రాక్టీసు వేళ."

తలకు ఎండ ఎక్కిందనుకుని నీళ్లిచ్చాను. తాగలేదు. నాకు అర్థమయ్యేలా చిన్న చిన్న ఇంగ్లీషు మాటలతో చెప్పాడు. ఆయన కుర్రతనంలో, ఆ పనిలో చేరిన కొత్తలో, ఆగస్టు ఎండలోనే శిక్షణ మొదలయ్యేది. ఆటగాళ్లకు నీళ్లిస్తే మెత్తబడిపోతారని అప్పటి కోచ్‌లందరి నమ్మకం. ఈయనా అదే నమ్మాడు.

"డానీ అని ఒక పిల్లాడు నీళ్లడిగాడు. ఇంకో రౌండు పరిగెత్తమన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ పరిగెత్తమన్నాను. ఆ తర్వాత అడగలేదు."

"తర్వాత?"

"వాణ్ని పాతిపెట్టారు. నేను ముప్పై ఏళ్లు గెలుస్తూ పోయాను." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "మైదానం గేటు మీద నా పేరుంది. వాడి పేరు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా లేదు."

జాలి కలగలేదు నాకు. ఒళ్లు మండింది. "నీ పాపం కడుక్కోనీకి మామా ఇల్లే దొరికిందా నీకు? ఈడ నువ్వు సస్తే నీ పీనుగను దించేది నేను, ఉరి ఎక్కేది ఆ ముసిలామె" అని తెలుగులోనే అరిచాను. తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో "యూ డై, మామా ఫినిష్" అన్నాను. డాంపర్ పూర్తిగా తెరిచి, పిడి ఊడబీకి జేబులో వేసుకున్నాను. ఆయన "యెస్, కోచ్" అని నీళ్లు అందుకున్నాడు. గడగడా తాగాడు. నాకు నవ్వొచ్చింది.

సెప్టెంబరులో దోపిడీ ఊపందుకుంది. కార్లు, మంచాలు, చివరికి వీధి దీపాలు కూడా లారీలకెక్కి బాగ్దాద్ దారి పట్టాయి. ఏసీలు విప్పాలంటే మెకానిక్ కావాలి కదా. ఒకరోజు నన్ను రొట్టెల వరుసలోంచి లాగి లారీ ఎక్కించారు. లారీ మిష్రిఫ్ వైపు తిరిగింది. ఆ వీధిలోకి తిరిగింది. మామా గేటు ముందే ఆగింది.

ముగ్గురు సైనికులు, ఒక ఆఫీసరు. మిద్దె ఎక్కగానే యంత్రం ఆపించి విప్పమన్నారు. పక్కకు పోయిన గొట్టాన్ని ఆఫీసరు చూడనే చూశాడు.

"ఇది ఎక్కడికి?"

"ట్యాంకుకు సార్. నీళ్లు కాగిపోకుండా."

అతను కొళాయి తిప్పి వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. "నిప్పులా ఉన్నాయి!"

"మీరు ఆఫ్ చేయించారు గదా సార్."

నన్ను ఎగాదిగా చూశాడు. నమ్మాడో, ఆ వేడిలో తగువెందుకనుకున్నాడో, "కువైటీలు నీళ్లకు కూడా ఏసీ పెట్టుకుంటారు" అని ఉమ్మేసి నీడకు పోయాడు.

యంత్రంతో పాటు గొట్టమూ తీయమన్నారు. దాన్ని ఊడదీస్తే గోడలో కన్నం బయటపడుతుంది. ట్యాంకు వెనక్కి పాకి, వాళ్లకు అడ్డంగా కూర్చుని డాంపర్‌తో సహా ఊడదీశాను. చీకట్లో కోచ్ కళ్లు కనిపించాయి. ఆ కన్నం కాక ఆ గదికి గాలి వచ్చే దారి ఇంకోటి లేదు. గొట్టాలకు చుట్టే గ్లాస్‌వూల్, అదే గాజు దూది, చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. కన్నంలోకి తోయడానికి చెయ్యి రాలేదు. "యల్లా!" అని తొందరపెడుతూ వెనక నుంచి కేక వినబడింది. అప్పుడు లోపలి నుంచి పెద్ద చెయ్యి ఒకటి వచ్చి, నా చేతిలోని దూదిని అందుకుని లోపలికి లాక్కుని, కన్నం నిండా గట్టిగా కూరింది. బయట నుంచి నేను టేపు అంటించాను.

యంత్రం విప్పడం తొందరగానే అయిపోయింది. దించడానికి క్రేన్ రావాలి. అది రాలేదు. సైనికులు ట్యాంకు నీడలో, ఆ గది గోడకే వీపులు ఆనించి కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. ఓబులక్క జగ్గుతో నీళ్లు పట్టుకుని పైకొచ్చింది. గొట్టం లేకపోవడం, టేపు ఉండటం చూసింది.

"పైన ఎండ. కిందికి రండి. టీ, కూలర్, అన్నీ ఉన్నాయి" అని వచ్చీరాని అరబ్బీలో బతిమాలింది. మామా కింద నుంచి కోళ్లు కోయిస్తున్నానని కబురు పంపింది. ఒకడు లేవబోయాడు. యంత్రం వదిలి కదలొద్దని ఆఫీసరు కసిరాడు. నాకూ ఒక గ్లాసు నీళ్లిచ్చారు. పారబోస్తే అనుమానం. తాగాను. గొంతులోంచి దిగిన ఆ నీళ్లు ఇప్పటికీ తగులుతుంటాయి. నా వీపు వెనక గోడ సెగలు కక్కుతోంది. లోపల ఉలుకూ పలుకూ లేదు. ఒక్క దగ్గు, ఒక్క మూలుగు వినబడితే ఇంటిల్లిపాదీ పోతాం. ఏదీ వినబడకపోతే ఆయన పోతున్నట్టు. నేను ఏది కోరుకున్నానో దేవుడికే తెలియాలి.

క్రేన్ వచ్చేసరికి పొద్దు గోడ దిగింది. "ఖలాస్, పో" అని నన్ను తోసేసి వెళ్లారు. లారీ మలుపు తిరగగానే బీరువా లాగేసి తాళం తీశాం.

ఆయన కన్నం దగ్గరే గోడకానుకుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి లేదు. గాజు దూది ఊడకుండా అరచెయ్యి ఇంకా అదిమిపెట్టే ఉంది. పక్కనే సీసా నిండా నీళ్లున్నాయి. సీలు కూడా తీయలేదు. ఆ మూత తిప్పితే టక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు గోడవతలికి వినబడుతుందని తీయలేదా, డానీ కోసం తీయలేదా? ఓబులక్క మొదటిదే అంటుంది. నేనూ అదే అనుకోవాలనుకుంటాను.

మామా తాను పైన వేసుకున్న నల్లటి అబాయా తీసి ఆయన మీద కప్పింది. తోటలో నిమ్మచెట్టు పక్కన గొయ్యి తవ్వాం. ఆమె తన ప్రార్థన చదివింది. ఓబులక్క గుప్పెడు మట్టి వేసి "అయ్యోరా, సల్లగుండు" అంది. సల్లగా అనే మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. మిద్దె మీద అరిచిన నేనే ఆ పీనుగను దించాను.

ఆ తర్వాత ఎంబసీ కాగితం పట్టుకుని జోర్డాన్ మీదుగా ఊరు చేరాను. యుద్ధం ముగిశాక మళ్లీ వచ్చాను. బదర్ తిరిగొచ్చి, కోచ్ ఎముకలను ఆయన ఊరికి పంపే ఏర్పాట్లు చేస్తున్నాడు. ఆఖరి రోజుల్లో ఆయనేమన్నాడో చెప్పమని నన్ను పిలిపించాడు. డానీ సంగతి చెప్పాను. బదర్ తల పట్టుకున్నాడు.

"మా దగ్గర ఆయన రెండు విజిళ్లు ఊదితే అందరం నీళ్లు తాగాల్సిందే. తాగనివాడు ఎంత గొప్పవాడైనా ఆ రోజు ఆట లేదు. ఛాదస్తమని నవ్వుకునేవాళ్లం" అన్నాడు.

బదర్ అమెరికాలో ఆయన అంత్యక్రియలకు వెళ్లొచ్చాక నేనే అడిగాను. ఊరంతా వచ్చిందట, ఆయన విగ్రహం పెడతారట.

"డానీ పేరు?"

"అడిగాను రమణా. పాత సంగతి, ఇప్పుడెందుకన్నారు."

అర్దియాలో ఇప్పుడు నాకు సొంత వర్క్‌షాపు ఉంది. యంత్రం గురించి ఆ మిద్దె మీది పని నాకు కొత్తగా నేర్పిందేమీ లేదు. చల్లదనం మనిషి బతకడానికి కావాల్సిన వస్తువని, దాన్ని ఇచ్చే చెయ్యి, ఆపే చెయ్యి మనిషివేనని నేర్పింది. అందుకే మా దగ్గర మిద్దె ఎక్కే మనిషి నా ఎదుట నీళ్లు తాగి ఎక్కాలి. కడపవాడైనా, నేపాలీ అయినా, దాహం లేదన్నా సరే. గుమ్మం పక్కనున్న వాటర్ కూలర్ మీద ఎర్ర రంగుతో డానీ అని తెలుగులో రాయించాను. పనిలో కొత్తగా చేరిన ప్రతివాడూ అది చూసి అడుగుతాడు.

"డానీ ఎవరన్నా?"

గ్లాసు చేతికిస్తాను. "ముందు తాగు, చెప్తా."