ఇవాళ మిల్లు సంగు ఊదలేదు

ఈ రోజు మా కాలేజీ బాల్ బ్యాడ్మింటన్ జట్టుకు ఈ ఏటి ఆఖరి ప్రాక్టీసు. పక్క మిల్లు సైరన్‌ను మేమంతా సంగు అంటాం. సాయంత్రం అది మోగితేనే ఆట ఆపడం ఏడాదంతా మా అలవాటు. ఇవాళ బంతి కనపడనంత చీకటి పడినా ఆడుతూనే ఉన్నాం.

"చాలు నిలపండ్రా, కండ్లు పోతాయి!" అని మాస్టారు అరిచారు.

"ఇంగా సంగు ఊదలేదే సార్," అన్నాడు మా కెప్టెన్ గోవిందు.

అన్నాక తనే ఆగిపోయాడు. ఆ మిల్లును మూసేసి పొద్దున్నే తాళం వేశారు. అందులో పనిచేసే వాళ్ల నాన్న టిఫిన్ క్యారియర్ తెరవకుండానే ఇంటికి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం గోవిందు తిన్నది ఆ అన్నమే.

ఇంకో గేమ్ ఆడనివ్వదని రోజూ ఆ కూతను తిట్టుకునేవాణ్ణి. ఇవాళ ఆపడానికి ఆ కూతే లేదు. బ్యాటెత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మీ ఊళ్లో ఆట ఆపమనే కూత ఏదైనా ఉందా? ఉంటే, రేపు తిట్టుకోకుండా వినండి.