తవ్వకముందు ఫొటో

హాస్టల్ వెనక ఇంకుడు గుంతలకు చిన్న గ్రాంటు వచ్చింది. ప్రతి గుంతకూ మూడు ఫొటోలు పంపాలి: తవ్వకముందు, తవ్వుతుండగా, తవ్వాక. నేను తార్నాకలో బస్సు దిగి నడిచొచ్చేసరికే, ఎండ ముదురుతుందని మాలి మొదటి గుంత తవ్వేశాడు. ఆ ఫొటో లేకపోతే మిగతా గ్రాంటు రాదు, వచ్చే వేసవిలోనూ హాస్టల్ బోరు ఎండుతుంది.

"అయితే మల్ల పూడ్చమంటవా సారూ?" అన్నాడు మాలి.

పూడ్చలేదు. గుంత మీద కర్రలు పేర్చి, టార్పాలిన్ పట్టా పరిచి, మట్టి చల్లి ఫొటో తీశాను. అంతలోనే వాన దంచింది. డాబా మీంచి పడ్డ నీళ్ల బరువుకు కర్రలు విరిగి, పట్టా గుంతలోకి కుంగింది. ఇద్దరం లాగినా కదల్లేదు. చుక్క ఇంకలేదు.

"నీళ్లయితే ఆగినయ్ గద," అంటూ మాలి కొడవలితో పట్టాకు చిల్లులు పొడవసాగాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని ఆ బురదలోనే కూర్చున్నాను.