ఒంటి మాట రాయలేని చెయ్యి

తెల్లవాళ్ళు వెళ్ళిపోవడంతో నా పని కూడా వాళ్ళతోనే పోయింది. తిరుమలగిరి పటాలంలో కొత్తగా దిగిన దొరలకు హిందుస్తానీ నేర్పే మున్షీని నేను. పేరు జీవరాజు. మా నాన్న గుంటూరు మిషన్ బడి వదిలి ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు కాబట్టి ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, బజార్లో ఉర్దూ నాకు వాటంతటవే వంటబట్టాయి. వాటితోనే అన్నం తిన్నాను. దొరలు రైలెక్కాక ఏడాదిపాటు నన్ను పలకరించిన వాడు లేడు.

తర్వాత పోలీసు చర్య జరిగింది. మరుసటి ఏడు సర్కారు దఫ్తర్లలో ఉర్దూ తీసేసి ఇంగ్లీషు పెట్టడం మొదలుపెట్టారు. ఇంకేముంది, తలలు నెరిసిన గుమాస్తాలు సాయంత్రమయ్యేసరికి మా వసారాలో చాప మీద కూర్చునేవారు. నిన్నటిదాకా ఇంగ్లీషు వాళ్ళకు ఉర్దూ చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఉర్దూ వాళ్ళకు ఇంగ్లీషు చెప్పాలి. నోరు అదే, నొప్పి అదే. "మళ్ళీ పని దొరికిందని స్తోత్రం చెల్లించక ఆ సణుగుడేమిటి?" అనేది మా ఆవిడ సువార్త. స్తోత్రం చెల్లించడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

రోజుకొక మాట తీసుకుని చెప్పడం నా పద్ధతి. అన్నిటికన్నా నన్ను విసిగించింది గెట్ అనే మాట. ఉత్తరం అందితే గెట్. జబ్బు చేస్తే గెట్. మంచం దిగితే గెట్, రైలెక్కితే గెట్, విషయం బుర్రకెక్కినా గెట్టే. పటాలం దొరలు ఆ ఒక్క ముక్కతో రోజంతా నెట్టుకొచ్చేవారు. దఫ్తరు కాగితంలో మాత్రం అది లుంగీ మీద ఆఫీసుకు వెళ్ళినట్టుంటుంది. అందుకని దాని బదులు వాడే మాటలు చెప్పాను. మనం చెయ్యి చాపకపోయినా వచ్చి చేరేది రిసీవ్, అంటే ఉత్తరం లాంటిది. పదిసార్లు తిరిగి తెచ్చుకునేది అబ్టెయిన్, అంటే పైవాళ్ళ అనుమతి. ఇల్లూ పొలమూ సంపాదిస్తే అక్వైర్. ఎక్కడ ఏది సరిపోతుందో అదొక్కటే వాడాలి, మిగతావి జేబులో ఉంచుకోవాలి అని గొంతు పోయేలా చెప్పాను.

అందరూ తలాడించారు. పర్వతాలు గారు మాత్రం పలక మీద మూడూ రాసి చూపించారు. మీ ఉత్తరాన్ని రిసీవ్ చేసి, అబ్టెయిన్ చేసి, అక్వైర్ చేశానని ఇంగ్లీషులో రాశారాయన.

పర్వతాలు గారిది సీతాఫల్‌మండి. యాభై దాటిన మనిషి, షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని మరీ వచ్చేవారు. ఒక సర్కారీ దఫ్తర్లో పెద్ద గుమాస్తా. ఆయన రాసిన ఉర్దూ చిత్తుప్రతిని దిద్దకుండానే సంతకం పెట్టేవారట పైవాళ్ళు. ఇప్పుడేమో కొత్త ఆర్డరు వచ్చింది. ఇంగ్లీషులో ఉత్తరం రాయలేనివాళ్ళను కుర్చీలోంచి లేపి దఫ్తరీ పనిలో వేస్తారు. అంటే ఫైళ్ళకు కన్నాలు పొడిచి దారం కట్టడం, కవర్లకు జిగురు రాయడం. నిన్నటిదాకా తన కింద పనిచేసినవాళ్ళ ఫైళ్ళకు ఈయన దారం కట్టాలి. అది తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు.

"మూడెందుకు రాశారండీ? ఒకటి చాలు" అన్నాను.

"ఒక్కటే రాస్తే సాబ్‌కు ఇజ్జత్ ఏముంటది సార్?" అన్నారు నెమ్మదిగా. "ఉర్దూల మేం ఉత్త అర్జ్ అని రాసి ఊకుంటమా? అర్జ్ ఓ ఇల్తెమాస్ అని జోడిచ్చి రాస్తం. ఒంటి మాట నౌకర్లకు రాసేది. పెద్దోళ్ళకు జోడు మాటలే రాయాలె. మా అయ్య గట్లనే నేర్పిండు."

అర్జ్ అన్నా ఇల్తెమాస్ అన్నా మనవి అనే అర్థం. అది ఉర్దూ, ఇది ఇంగ్లీషు అన్నాను. ఇంగ్లీషువాడికి ఒక్క మాటలోనే మర్యాద ఇమిడిపోతుందన్నాను. ఆయన రాయడం, నేను కొట్టేయడం. ఎండాకాలం పోయి వానలొచ్చాయి. నాకు ఆయన మీద కోపమూ వచ్చేది, జాలీ వేసేది. చివరికి మా చాప మీద కూర్చున్నంతసేపూ ఒక్క మాటే రాయడం అలవాటైంది. ఇక గట్టెక్కుతారనుకున్నాను.

దఫ్తర్లో పెట్టిన ఇంగ్లీషు ఉత్తరం పరీక్షలో తప్పారు. ఆ సాయంత్రం వచ్చి మెట్ల మీదే కూర్చున్నారు, లోపలికి రమ్మన్నా రాలేదు. "మన కాడ మంచిగనే వస్తది సార్. ఆడ సాబ్‌ను చూసేటాలకు చెయ్యి ఆగలే. అన్నీ రాసేసిన" అన్నారు. దారం పని ఖాయమైపోయిందట.

నాకు ఎక్కడికీ కదలాలని లేదు. కానీ సువార్త నా కోటు తెచ్చి చేతిలో పెట్టింది. మర్నాడు ఆయనతో కలిసి దఫ్తరుకు వెళ్ళాను.

ఆఫీసరు మద్రాసు వైపు నుంచి వచ్చిన తెలుగాయన. చెడ్డవాడు కాదు. నాకు కుర్చీ వేయించాడు. పర్వతాలు గారు నిలబడే ఉన్నారు.

"మీ మీద గౌరవంతోనే అన్ని మాటలు రాశారండి. ఉర్దూ కాగితాల్లో అదే మర్యాద" అన్నాను.

"గౌరవం నాకు తెలుస్తూనే ఉంది మాస్టారూ. కానీ ఈ కాగితాలన్నీ నేను చదవాలి, నా పైవాళ్ళూ చదవాలి" అన్నాడు ఆయన విసుగ్గా కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "సరే, మీరింత దూరం వచ్చారు గనక ఒక పని చేద్దాం. మీ ఉత్తరం అందింది అని ఇప్పుడు నా ముందు ఒక్క వాక్యం రాయమనండి. సరిగ్గా రాస్తే ఆర్డరు మార్పిస్తాను."

ఇంతకన్నా తేలిక పరీక్ష ఎవరు పెడతారు? నా ప్రాణం లేచొచ్చింది. పర్వతాలు గారు బల్ల అంచు మీదికి వంగి రాశారు. రిసీవ్ మాట వచ్చింది, స్పెల్లింగు కూడా తప్పలేదు. కలం ఆగింది. ప్రభువా, ఇక్కడితో ఆపెయ్యి అని లోపల్లోపలే ప్రార్థించాను. ఆయన తలెత్తి ఆఫీసరు ముఖం వైపు చూశారు. మళ్ళీ కాగితం చూసుకున్నారు. సాక్షాత్తూ తన సాబ్‌ను ఆయన ముందే నువ్వు అని పిలిచినట్టు ముఖం ముడుచుకుపోయింది. కలం కదిలింది. అండ్ అబ్టెయిన్డ్ అని పక్కనే చేరింది.

ఆఫీసరు నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో, నాకు కోపమైనా వచ్చేది. "మంచిది, వెళ్ళిరండి" అని వేరే ఫైలు తీశాడు. పర్వతాలు గారు వంగి సలాం చేసి బయటికొచ్చారు.

ఇంటిదాకా దిగబెడదామని ఆయన వెంట నడిచాను. సీతాఫల్‌మండి దగ్గర పడ్డాక అడిగాను, "సగంలో ఆపి మళ్ళీ ఎందుకు రాశారండీ?"

"తెలిసే రాసిన సార్. తప్పని ఎరికే. గా మాట ఒక్కటే రాసి సాబ్ ముంగట నిలబడుడు నాతోని కాలే." ఇంకొంచెం దూరం నడిచారు. "ఇన్నేండ్లు గట్ల రాస్తేనే శాబాష్ అన్నరు సార్. చిన్నోళ్ళను పిలిచి నా రాత చూపెట్టి, గిట్ల రాయాలె అన్నరు. ఇప్పుడు గదే తప్పంటే, ఆ శాబాష్‌లన్నీ ఉత్తయేనా?"

పటాలంలో నన్ను భుజం తట్టి మెచ్చుకున్న దొరలు ఎంతమందో. వెళ్ళేటప్పుడు ఒక్కడూ చెప్పి వెళ్ళలేదు. ఇదే ప్రశ్న నాకు నేను ఎన్నోసార్లు వేసుకుని, అలిసిపోయి అడగడం మానేశాను.

"ఉత్తవి ఎందుకవుతాయి పర్వతాలు గారూ" అన్నాను.

ఆయన ఆగి నా ముఖంలోకి చూశారు. నేను అబద్ధం చెప్తున్నానని ఆయనకు తెలిసిపోయింది. "మీరు గూడ అలిసిపోయిన్రు సార్. ఇంట్ల జెర చాయ తాగి పోండ్రి" అని తన ఇంటి గుమ్మం వైపు దారి చూపించారు.