బుచ్చమ్మ మేస్త్రీకి పక్క దీపం

“నన్ను ఆ షోకేసులకెళ్ళి తియ్యకు చెల్లె” అంది బుచ్చమ్మ, పాలమూరు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి.

“నేనెందుకు తీస్త అక్కా, ఎండ తీస్తది” అన్నాను. ఎదురెండ పడే అద్దంలో ఏ ఫోటో అయినా రెండేళ్ళకు పాలిపోతుంది.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. ఆమె ఊళ్ళోనే ఉండిపోయింది. నేను ముంబయి కామాటిపురలో మా ఆయన పెట్టిన ఫోటో స్టూడియోను, ఆయన పోయాక ఒక్కదాన్నే నడిపిన దాన్ని, మూసేసి ఇంట్లో కూర్చున్నాను. నాకు సంతకం, అంకెలు తప్ప రాయడం రాదు. నేను చెప్తున్నాను, నారాయణపేటలో తెలుగు బడిలో చదివిన మా కోడలు సరోజ రాస్తోంది.

లాక్‌డౌన్‌కు రెండేళ్ళ ముందు, వానలు తగ్గిన నెలలో నాకు ఆ పని వచ్చింది. మా పక్క గల్లీలో రెండు పాత చాళ్ళను, అంటే వరస గదుల అద్దె మేడలను, బాగుచేసే కాంట్రాక్టరు పనివాళ్ళందరికీ మెడలో వేసుకునే కార్డులు చేయించాలనుకున్నాడు. ఫోటోలు నేను తీయాలి. పసుపు కార్డు మేస్త్రీలకు. అది ఉన్నవాళ్ళే పరాంచి ఎక్కాలి. పరాంచి అంటే గోడ పొడవునా వెదుళ్ళతో కట్టే మంచె. తెల్ల కార్డు బిగారీలకు, అంటే కింద ఉండి సిమెంటు కలిపి గమేలాలతో, అంటే ఇనప తట్టలతో, నెత్తిన మోసేవాళ్ళకు. పనివాళ్ళను చూసుకునే ముకాదం సాయన్న పేర్ల కాగితం పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. అతను కామాటిపురలోనే పుట్టిన మూడో తరం మనిషి, నన్ను వదినా అంటాడు. మగవాళ్ళను ఒక్కొక్కరినీ ఏం పని అని అడిగి రాసుకున్నాడు. ఆడవాళ్ళను అడగలేదు. వాళ్ళందరికీ తెల్ల కార్డని ఇంటి దగ్గరే రాసి తెచ్చుకున్నాడు.

కార్డు ఫోటోకు పద్ధతి ఉంది. వెనక తెల్ల గుడ్డ ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి, చేతిలో ఏమీ ఉండకూడదు. పది పదిహేను మంది తర్వాత బుచ్చమ్మ వచ్చి, తాపీ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అరవై మూడేళ్ళ మనిషి. తాపీ తీసి పక్కన పెట్టాను. ఎవరిదో పట్టుకొచ్చి ఉంటుందనుకున్నాను.

మా స్టూడియోలో మా ఆయన నాటి నుంచి ఒక నియమం ఉండేది. ఆడవాళ్ళకు దీపం ఎదురుగా, మగవాళ్ళకు పక్కనుంచి. ఎదురు దీపం ముడతలను మింగేస్తుంది. పక్క దీపం గీత గీతనూ చూపిస్తుంది, మగ ముఖానికి అది హుందా అని అనుకునేవాళ్ళం. అది చాలక, ఆడవాళ్ళ ఫోటో అయితే కంప్యూటరులో చర్మం నునుపు చేసేవాళ్ళం. పూర్వం నెగెటివు మీద సన్న పెన్సిలుతో ఆ పని నా చేతే చేయించేవాడు మా ఆయన. ఎవరూ అడగరు, మేమే చేసేస్తాం. బుచ్చమ్మకూ చేశాను.

రెండో రోజు ఆమె కార్డు పట్టుకుని స్టూడియోకు వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదట.

“ఇది నీ బిడ్డ కార్డు, బిడ్డను తోలియ్యి అంటుండు” అంది. “నాకు బిడ్డనే లేదు. ఈమెను యాడికెళ్ళి తెచ్చినవ్ చెల్లె?”

తప్పు నాదే అయినా నవ్వు ఆగలేదు. మళ్ళీ తీస్తాను కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. ముఖమే కాదు, కార్డు రంగు కూడా తప్పే అంది. తాను బిగారీ కాదు, మేస్త్రీ.

ఇరవై ఏళ్ళు భర్తతో కలిసి ఈ ఊళ్ళో గోడలకు సిమెంటు పూత పూసింది. ఆయనకు చూపు మందగించాక నునుపు చేసే పనంతా ఆమెదే అయింది, పేరు మాత్రం ఆయనదే నడిచింది. ఆయన పోయాక ఆ పేరూ పోయింది. తెల్ల కార్డు ఉంటే గమేలా మోయాలి. మెడ నరం పట్టేసి ఆమెకు నెత్తిన బరువు పెట్టే వీలు లేదు. పసుపు కార్డు దొరకకపోతే తాపీ మూటగట్టుకుని ఊరికి పోవడమే, ఇక పని లేనట్టే.

సాయన్నను అడిగాను.

“ఆడమనిషి మేస్త్రీ ఏంది వదినా? అండ్ల అరవై దాటింది. మీదికెళ్ళి పడితే నా నౌకరీ ఖతం” అన్నాడు. ఆమె పూసిన గోడ చూడమన్నాను. ఏ గోడ మీద ఎవరి పేరు రాసి ఉందని అడిగాడు. ఆ మాట నిజమే. గోడ పక్కన ఆమెను నిలబెట్టి ఫోటో తీస్తే పేరు రాసినట్టే అవుతుందని నాకు తోచింది.

బుచ్చమ్మ నన్ను నాగ్‌పాడా వైపు ఒక చాల్‌కు తీసుకెళ్ళింది. మెట్ల పక్క గోడ ఆమె ఆ ఏడే పూసింది, ఇంకా సున్నం పడలేదు. అలవాటు కొద్దీ లైటు ఎదురుగా నిలబెట్టాను. ఆమె వచ్చి స్టాండు పట్టుకుని గోడ వారకు జరిపేసింది.

“ఇట్ల పెట్టు. మేం గోడ చూస్తే ఇట్లనే చూస్తం. ఎదురుంగ పెడితే దొంగ గోడ గూడ మంచిగనే కనబడ్తది.”

పూత సరిచూసేటప్పుడు మేస్త్రీలు బల్బును గోడకు ఆనించినట్టు పట్టుకుంటారట. ఎక్కడ చిన్న బుడిపె ఉన్నా నీడ పడుతుంది. నలభై ఏళ్ళు దీపాలతో బతికిన నాకు ఆ సంగతి తెలియదు. ఆ వెలుతురులో ముఖం మీది ముడతలన్నీ లేచి వస్తాయని ముందే చెప్పాను.

“రానీ” అంది. “గోడ మీద లేవు గద.”

తాపీ పట్టుకుని తిన్నగా నిలబడింది. నవ్వమనలేదు. ఆరు తీశాను. ఒకటి పన్నెండు పదహారు సైజులో వేయించి, చర్మం మీద చెయ్యి పెట్టకుండా, ఫోరస్ రోడ్డు వైపు ఉన్న షోకేసులో పెట్టాను. స్టూడియో షోకేసుకు ఎక్కేది పెళ్ళికూతుళ్ళు, చంటిపిల్లలు, నల్ల కళ్ళద్దాల కుర్రాళ్ళు. ముసలివాళ్ళు స్టూడియోకు వచ్చేదే పోయాక దండ వేయడానికి ఒక ఫోటో ఉండాలని. నేను ఒక పెళ్ళికూతురిని దింపి బుచ్చమ్మను ఎక్కించాను. కింద సరోజ చేత “బుచ్చమ్మ, మేస్త్రీ, వయసు 63” అని రాయించాను.

ఎదురు చాయ్ దుకాణం అతను మొదటి రోజే పలకరించాడు. “వదినా, పెళ్ళికూతురు ఇంతల్నే ఇంత ముసలిదైందేంది?”

“అత్తగారింట్ల పని ఎక్కువైంది” అన్నాను.

కానీ నేననుకున్నది జరగలేదు. దారిన పోయే మేస్త్రీలు ఆగి చూశారు, గోడను మెచ్చుకున్నారు, మనిషిని నమ్మలేదు. గోడ ఎవరిదో, తాపీ స్టూడియో వాళ్ళు చేతిలో పెట్టి ఉంటారన్నారు. వాళ్ళను అనడానికి లేదు. కాగితం పువ్వులు, మోగని ఫోను, కదలని మోటారు సైకిలు ఇచ్చి ఫోటోలు తీసిన స్టూడియో మాది.

నాలుగో రోజు సాయన్న పెద్ద మేస్త్రీ రాములును వెంటబెట్టుకుని వచ్చాడు. పరాంచి ఎవరు ఎక్కాలో రాములు మాటే చెల్లుతుంది. ఆయన డెబ్బైకి దగ్గర మనిషి. ఆయన వయసు ఎవరూ అడిగిన గుర్తు నాకు లేదు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. చూసింది గోడను కాదు, చేతిని.

“సాయన్నా, బొటనవేలు మొదట్ల చూడు. అది తాపీ పిడి కాయ. గోర్లు చూడు, సిమెంటు తినేసింది. గమేలా మోసెటోళ్ళకు కాయ గీడ పడదు.”

“ఫోటోల ఏమన్న చెయ్యొచ్చు కాకా” అన్నాడు సాయన్న.

రాములు నా వైపు తిరిగాడు. “కాయలు గూడ పెడ్తవా వదినా?”

పెట్టను, ఇన్నేళ్ళూ ఉన్నవి తీసెయ్యడమే నా పని అని చెప్పాను.

మర్నాడు ఆయన బుచ్చమ్మకు మొదటి మాళాలో, అంటే మొదటి అంతస్తులో, ఒక గది గోడ ఇచ్చాడు. సాయంత్రం బల్బు గోడ వారకు పెట్టించాడు. మూల దగ్గర ఒక్కచోట నీడ పడింది. అది గీకించి మళ్ళీ పూయించి, పసుపు కార్డు ఇమ్మన్నాడు. మూడో మాళా దాటి ఎక్కకూడదని సాయన్న షరతు పెట్టబోయాడు.

“రాములన్న ఎంత మీదికి పోతడో అంతే పోత” అంది బుచ్చమ్మ.

రాములు ఆ షరతు తన కార్డు మీద కూడా రాయమన్నాడు. సాయన్న ఇద్దరి కార్డు మీదా రాయలేదు.

ఆ చాళ్ళు పూర్తయ్యేదాకా ఆమె పరాంచి మీదే పనిచేసింది. ఆమెను చూసి మరో ఇద్దరు ఆడవాళ్ళు మేస్త్రీలమని వచ్చారు. ఒకామెకు పసుపు కార్డు దొరికింది. ఇంకొకామె గోడ మూల నునుపు తేల్చలేక తాపీ తానే తిరిగిచ్చింది. అది కూడా చెప్పాలి.

నేను నేర్చుకున్నది నా పనికి సంబంధించినంత వరకే. ఆడవాళ్ళకొక దీపం, మగవాళ్ళకొక దీపం అనే పద్ధతి మా స్టూడియోలో ఆ నెలతో ఆగింది. ముందు వచ్చినవాళ్ళు ఏం చేస్తారో అడిగి, తర్వాత దీపం ఎక్కడ పెట్టాలో చూసుకునేదాన్ని. అడగకుండా ఎవరి ముడతా తీయలేదు. తీయమని అడిగినవాళ్ళకు తీశాను, వాళ్ళే ఎక్కువమంది.

సరోజా, మొదటి నుంచి చదివి వినిపించు. దిద్దడం కాదు, నేనన్నట్టే ఉందో లేదో చూడాలి.