వింట్సుక్ సంతకాల బల్ల

శనివారం వచ్చిందంటే మిన్స్క్‌ పెద్ద బజారు గేటు పక్కన మడతబల్ల వేసుకుని నిలబడతాడు వింట్సుక్. రిటైరైన ట్రాలీబస్సు డ్రైవరు. మనిషి సన్నం, గొంతు పెద్దది. చలికి సిరా గడ్డకట్టకుండా పెన్నును చంకలో దాచుకుని, "మన దేశాన్ని రష్యాలో కలపడానికి ఒప్పుకోం! ఒక్క సంతకం పెట్టండమ్మా," అని పిలుస్తుంటాడు. వాళ్ళ పార్టీయే చిన్నది, అందులోనూ ఇప్పుడు బల్ల దగ్గరికొచ్చేది ఆయనొక్కడే. "నువ్వు వద్దంటే ఆగుతుందా, తాతా? పైవాళ్ళు ఎప్పుడో మాట్లాడేసుకున్నారు," అని ఉల్లిపాయలవాడు ఎగతాళి చేస్తే, "మనల్ని అడక్కుండా ఇచ్చేశారని రేపు నువ్వే ఏడుస్తావు," అంటూ పెన్ను అతని ముందుకే చాస్తాడు.

మొన్న శనివారం మంచులో తడుస్తూ కూతురు దరోత వచ్చింది. సర్కారు బడిలో పంతులమ్మ. కాగితం మీద మొదటి సంతకం ఆమెదే.

"నాన్నా, నా పేరు తీసెయ్. సంతకం పెట్టావటగా అని హెడ్మాస్టరు గదిలోకి పిలిచి అడిగాడు," అంది తలెత్తకుండా.

"కలిసిపోతే మంచిదేనని నువ్వూ అనుకుంటున్నావా?"

"నేనేం అనుకుంటే ఏంలే నాన్నా. ఉద్యోగం పోతుంది."

వింట్సుక్ చంకలోంచి పెన్ను తీశాడు. పేరు మీద ఒక గీత గీశాడు.

"అలా కాదు. చదవడానికి వీల్లేకుండా కొట్టెయ్."

చలికి ఆయన వేళ్ళు వంగడం లేదు. దరోత ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, చిన్నప్పుడు ఆయన తనకు చేసినట్టే రుద్దింది. వేళ్ళు కాస్త వేడెక్కాక ఆయన మళ్ళీ పెన్ను పట్టుకుని, ఒక్క అక్షరమూ కనపడనంతగా బిడ్డ పేరు మీద నల్లగా దిద్దాడు.