తాళం తిప్పితే చాలన్నాడు మా బావ

నిన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది. బావ నంబర్.

ఎత్తగానే, "ఏటి బావా, బండి మళ్ళీ మొరాయించిందా?" అన్నాను.

అవతల బావ కాదు. ఆయన షాపు పక్కన టీ కొట్టు నడిపే ఆయన.

"బాబూ, మీ బావగారు కౌంటర్ మీద తలెట్టుకుంటే కునుకు తీస్తన్నారనుకున్నాం. లేపితే లెగట్లేదు బాబూ..."

హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయిందట. గుండెపోటు.

విజయనగరం నుంచి సాలూరు దాకా బస్సులో ఎలా వచ్చానో తెలీదు. ఎంగిలి చెయ్యి కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు. బావకి షుగర్ లేదు, బీపీ లేదు. మొన్న రాత్రే ఫోన్‌లో నన్ను తిట్టాడు. తిట్టిన మనిషి మర్నాడు లేకపోవడం ఏంటి? నాకింకా బుర్రకి ఎక్కడం లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. సూరిబాబు మా అక్క భర్త. సాలూరులో లారీ బ్యాటరీల షాపు. నోరు పెద్దది, మొండితనం ఇంకా పెద్దది.

వాళ్ళకో పాత పెట్రోల్ కారు ఉంది. రెండేళ్ళ క్రితం దాని ఇంజిన్ కంప్యూటర్ పోయింది. పెట్రోల్ ఎంత వెళ్ళాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, ఇవన్నీ చూసుకునేది అదే. కొత్తది ఎక్కడా దొరకలేదు. తుక్కుకి ఇచ్చెయ్యమని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

"ఇంజిన్ గుండ్రాయిలాగ ఉన్నాది. తుక్కుకెందుకిస్తాన్రా? ఆ కంప్యూటరేదో నేనే సేస్తాను, సూడు" అన్నాడు.

నవ్వాను. మీరైనా నవ్వేవారే.

ఎవరో పుణ్యాత్ములు ఇలాంటి కంప్యూటర్ డిజైన్, సాఫ్ట్‌వేర్ అన్నీ ఇంటర్నెట్‌లో అందరికీ ఫ్రీగా పెట్టారు. ఓపెన్ సోర్స్ అంటారు. ఈయన ఖాళీ బోర్డు తెప్పించుకుని, షాపులో కూర్చుని ఒక్కో పార్ట్ సోల్డరింగ్ చేశాడు. బ్యాటరీ కోసం వచ్చిన లారీ డ్రైవర్లని కూర్చోబెట్టి మరీ క్లాసు పీకేవాడు. పాపం, బ్యాటరీ చేతికి వచ్చేదాకా వాళ్ళు కదలడానికి లేదు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ ఢామ్మని పేలింది. వీధి వీధంతా బయటికొచ్చేసింది. ఈయన మాత్రం గంతులు.

"స్పార్క్ వస్తన్నాది! సూశార్రా, స్పార్క్ వస్తన్నాది!"

ఇంకోటి చెప్పాలి. మా అమ్మకి ఇవాళ్టికీ తెలీని సంగతి.

బండి ఓ దారికి వచ్చాక అమ్మ పూజ చేస్తానంది. సాలూరులో లారీ అయినా, స్కూటర్ అయినా పూజ లేనిదే రోడ్డెక్కదు. నిమ్మకాయలు తొక్కించడం, కొబ్బరికాయ కొట్టడం, అన్నీ అయ్యాయి. ఆఖర్న బానెట్‌లో ఉన్న ఆ కంప్యూటర్ డబ్బాని చూసి, "బండికి మెదడు ఇదేనన్నావు కదా అల్లుడా. దీనికి బొట్టెట్టకపోతే ఎలాగ?" అని పసుపు నీళ్ళు చల్లి, తడి కుంకం దిట్టంగా పూసింది. డబ్బాకి కాదు. సరిగ్గా వైర్లు కలిసే చోట.

మర్నాటి నుంచి బండికి దగ్గు. బావ పెట్రోల్ బంకు వాళ్ళని తిట్టాడు. ప్లగ్గులు మార్చాడు. నన్ను కూడా తిట్టాడు, ఎందుకో తెలీదు. చివరికి కనెక్టర్ పీకి చూస్తే పిన్నుల మధ్య కుంకం గడ్డకట్టి ఉంది.

అత్తగారిని ఒక్క మాట అనలేదు. కంప్యూటర్‌ని డాష్‌బోర్డ్ కిందకి మార్చేసి, బానెట్‌లో పాత చోటనే ఓ ఖాళీ డబ్బా బిగించాడు. అమ్మ ప్రతి దసరాకీ దానికే బొట్టు పెడుతోంది.

అలాంటి మనిషి మా బావ.

ఒక్క పని మాత్రం మిగిలిపోయింది. పొద్దున్న చలికి ఇంజిన్ ఒక పట్టాన అందుకునేది కాదు. బావ లాప్‌టాప్ తగిలించి, ఏవో నంబర్లు మారుస్తూ బతిమాలితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు. అక్క టీచరు. కొండ కింద ఊళ్ళో స్కూలు, ఆ వేళకి బస్సు లేదు. తనకి లైసెన్స్ ఉన్నా బండి మాట వినదు. అందుకని రోజూ బావే దింపి వచ్చి షాపు తీసేవాడు.

అక్క తనంతట తను వెళ్ళి రావాలి. ఆయన తాపత్రయమంతా అదే.

మొన్న రాత్రి ఫోన్ అందుకే.

"ఒరే, అయిపోయిందిరా. ఇంక లాప్‌టాప్ అక్కర్నేదు. తాళం తిప్పితే సాలు. సోమవారం నుంచి మీ అక్క ఒక్కర్తే ఎల్తాది."

"ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పావు బావా" అన్నాను. అందుకే తిట్టాడు.

ఈ రోజు పొద్దున్న మేనకోడలు బొబ్బిలిలో రైలు దిగింది. విశాఖలో చదువుతోంది. దహనానికి దాని కోసమే ఆగాం. స్టేషన్ నుంచి తీసుకురావడానికి ఆ టైములో వేరే బండి దొరకలేదు. ఎవరో బావ కారు తాళాలు నా చేతిలో పెట్టారు.

చలిగా ఉంది. ఇది కదలదులే అనుకుంటూనే కూర్చున్నాను. తాళం తిప్పాను.

ఒక్క తిప్పుకే అందుకుంది. ఎంత మెత్తగా అంటే, నాకు భయం వేసింది.

లోపల ఐస్ బాక్స్ పక్కన కూర్చున్న అక్క లేచి బయటికి పరుగెత్తుకొచ్చింది.

బావ తన కళ్ళెదురుగానే ఉన్నాడు. అయినా పరుగెత్తుకొచ్చింది. రెండేళ్ళుగా ఆయన చెయ్యి పడకుండా ఆ బండి ఏ పొద్దునా స్టార్ట్ అవలేదు మరి.

గేటు పట్టుకుని సీట్లోకి చూసింది.

"నువ్వేట్రా..." అంది. అంతే, అక్కడే కూలబడిపోయింది.

బావా, నువ్వు చెప్పింది నిజమే. నమ్మనందుకు ఇంకోసారి తిట్టు, పడతాను.

ఇంక ఏ వైరూ వెతక్కు. హాయిగా పడుకో. నీ ఆత్మ చల్లగా ఉండాలి బావా.