బోరు నీళ్ళకు పసరు మందు

పెళ్ళైన తొమ్మిదేళ్ళకు మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై రోజులుగా నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఈ రోజు మాత్రం ఓపిక నశించింది. దండెం మీద పాప తెల్లగుడ్డలు పచ్చబడి ఉండటం చూసి, ఎదురింటి అక్క గిన్నెలో పసరు మందు పట్టుకొచ్చింది.

"ఏంది తమ్ముడూ, బిడ్డకు పచ్చకామెర్లొస్తే గమ్మునున్నావు?"

"నిన్ననే డాక్టరమ్మ చూసి పాప బాగుందన్నదక్కా. ఆ రంగు మా బోరు నీళ్ళది."

"నీళ్ళు తేటగానే ఉన్నాయిగా" అంటూ కుళాయి తిప్పి చూపించింది.

మా అమ్మాయి ఆ నీళ్ళే బకెట్‌లో పట్టింది. "ఇందులో ఇనుము ఉందత్తా. గాలి తగిలితే తుప్పు రంగొస్తది. కాసేపు కూర్చో, నీకే తెలుస్తది" అంది.

గంట తర్వాత చూస్తే నీళ్ళు పలచటి టీ రంగుకు తిరిగాయి. అక్క చానాసేపు బకెట్‌లోకి చూసింది.

"సరే, బిడ్డకొద్దులే. తెచ్చిన మందు పారబోస్తే దోషం. నువ్వు తాగు."

పాప తప్పించుకుంది, అదే చాలని తాగేశాను. సాయంత్రమైనా నోటి చేదు పోలేదు. మీ ఊళ్ళో బోరుకు జబ్బు చేస్తే మందు ఎవరు తాగుతున్నారో కాస్త చెప్పండి.